ఎనిమిదో కాలేజీ

ఆటల్లో అసూయ ఉండకూడదని మీకు శిక్షణ కాలేజీలో చెప్పే ఉంటారు. నాకూ చెప్పారు. చెప్పిన మాస్టారు, పక్క కాలేజీకి కొత్త బాస్కెట్‌బాల్ కోర్టు వచ్చిందని తెలిసిన రోజున మాతో సరిగ్గా మాట్లాడలేదు. కాబట్టి కొత్తగా ఫిజికల్ డైరెక్టర్లుగా చేరుతున్న పిల్లలూ, ఆ పాఠం నేను మళ్ళీ చెప్పబోవడం లేదు. షార్జాలో ఒక ప్రైవేటు కాలేజీలో చాలా ఏళ్ళు పీడీగా పనిచేసి, మోకాళ్ళు సహకరించక ముందుగానే ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చున్నదాన్ని. మా లీగులోకి ఎనిమిదో కాలేజీని ఎలా తీసుకున్నామో చెబుతాను. అందులో నేను చేసిన మంచి పని ఒకటుంది. మంచిదాన్ని కాబట్టి చేశానని మాత్రం ఎవరూ అనుకోకండి.

పేర్లు రాయను. రాస్తే ఆవిడకి ఇంకాస్త ప్రచారం చేసినట్టవుతుంది.

లీగు అంటే షార్జా, అజ్మాన్, దుబాయ్‌లలో ఉన్న కొన్ని కాలేజీలు కలిసి పెట్టుకున్న ఆటల సంఘం. శనివారాలు పోటీలు, ఏడాది చివర కప్పులు. మొదట ఎనిమిది కాలేజీలుండేవి. కరోనా వచ్చి ఆటలన్నీ ఆగిపోయాయి. పిల్లల చేత కెమెరా ముందు గుంజీలు తీయించి, దానికి మార్కులు వేసిన రోజులవి. మళ్ళీ మైదానాలు తెరిచేసరికి ఒక కాలేజీ ఆటల విభాగాన్నే ఎత్తేసింది. ఏడు మిగిలాం. ఏడు అనేది మా లెక్కలో దరిద్రపు సంఖ్య. ప్రతి శనివారం మూడు జతలు ఆడతాయి, ఏడోది గోళ్ళు గిల్లుకుంటుంది. ఆట ఊపందుకునే వేళకి ఖాళీ వారం వస్తుంది, పిల్లల కాళ్ళు చల్లబడిపోతాయి. అందుకని ఎనిమిదో కాలేజీ కోసం వెతకడం మొదలుపెట్టాం.

మా అధ్యక్షుడు సూడాన్ నుంచి వచ్చిన ప్రొఫెసరు. అందరం ముదీర్ అనేవాళ్ళం, అరబీలో పెద్దసారు అని. నీతి ఉన్న మనిషి. దుబాయ్‌లో ఇన్నేళ్ళు ఉండి కూడా హిందీ ముక్క చెవికెక్కించుకోని మనిషి. అరబీ, ఇంగ్లీషు, అంతే. ఆయన మనసులో ఒక పాత పుండు ఉండేది. అంతకుముందెప్పుడో ఒక కాలేజీ ఆడపిల్లల జట్టు ఉందని కాగితం మీద చూపించి లీగులో చేరింది. తీరా చూస్తే జట్టూ లేదు, పిల్లలూ లేరు. ప్రతి శనివారం అవతలి జట్టు వచ్చి, ఖాళీ కోర్టులో నిలబడి, వాకోవర్ తీసుకుని వెళ్ళిపోయేది. అప్పటినుంచి ఆయన ఒక నియమం పెట్టాడు. కొత్తగా వచ్చే కాలేజీకి ఆడపిల్లల జట్టు నిజంగా ఉండాలి. కాగితాలు నమ్మడు. స్వయంగా వెళ్ళి అడుగుతాడు.

కాలేజీని ఎంచుకోవడమంటే పెళ్ళిచూపులే. మైదానం ఎలా ఉంది, లైట్లున్నాయా, ఎంత దూరం, ఎన్ని ఆటలు ఆడతారు, ఆడేవాళ్ళు నిజంగా విద్యార్థులేనా అని చూస్తాం. చివరిది నవ్వులాట కాదు. క్రికెట్ కోసమని ఏదో సాయంకాలపు కోర్సులో చేరిన బట్టతల బౌలర్లని చూశాం మేము. ఇవన్నీ పైకి చెప్పే కొలతలు. లోపలి కొలత ఒకటుంది, దాన్ని ఎవరూ నోటితో చెప్పరు. వచ్చే కోడలు పనిమంతురాలై ఉండాలి, అత్తకంటే మాత్రం కాకూడదు. ప్రతి పీడీ మీటింగులో లీగు ప్రమాణం పెరగాలి అంటాడు. మనసులో మాత్రం, మేము ఓడించగలిగేవాళ్ళు రావాలి అనుకుంటాడు. నేనూ అలాగే అనుకున్నాను. మా కాలేజీ ఆడపిల్లలు వాలీబాల్ కప్పు లీగు పుట్టినప్పటినుంచీ ఎవరికీ ఇవ్వలేదు. ఆ కప్పు నా గదిలో, నా బల్ల వెనక, వచ్చినవాళ్ళకి నా తలపక్కన కనపడేట్టు ఉండేది.

రెండు దరఖాస్తులొచ్చాయి. ఒకటి దుబాయ్‌లో కొత్తగా పెట్టిన కాలేజీ. ఏసీ హాలు, మెరిసే చెక్క నేల. రెండోది ఫుజైరా వైపు కాలేజీ. కొండల అవతల, సముద్రం పక్కన. దాని కింద పీడీ సంతకం చూశాను. చూడగానే నా కాఫీ చేదెక్కింది.

ఆవిడ నాకు శిక్షణ కాలేజీలో జూనియర్. గుంటూరు పిల్లని నేను, పశ్చిమగోదావరి పిల్ల ఆవిడ. నేను జట్టు కెప్టెన్‌ని. ఆవిడ వచ్చేదాకా నా ఆటని మించిన ఆట లేదని అందరూ అనేవారు, నేనూ అనేదాన్ని. యూనివర్సిటీ జట్టు ఎంపికలో ఆవిడని తీసుకుని నన్ను రిజర్వులో పెట్టారు. రిజర్వు అంటే తెలుసు కదా, జెర్సీ వేసుకుని నీళ్ళ సీసాలకి కాపలా. తప్పు ఆవిడది కాదు. తప్పు ఆవిడది అయితే ఎంత బావుండేది, హాయిగా తిట్టుకునేదాన్ని. ఆవిడ పొడుగు, ఆవిడ మణికట్టు, ఆవిడ గాల్లో ఆగిపోయినట్టు కనపడే ఆ లిప్తపాటు, వీటిని ఏమని తిట్టను?

ఆ తర్వాత నేను మా ఆయన ఉద్యోగం వెంట షార్జా వచ్చాను. చాలా ఏళ్ళకి ఆవిడ ఫుజైరా వచ్చిందని తెలిసింది. వాళ్ళక్క అక్కడి ఆసుపత్రిలో నర్సు. భర్తకి ఓడలకి ఇంధనం నింపే కంపెనీలో పని. ఫోన్ చేసి, అక్కా, ఒకే దేశంలో ఉన్నాం, రండి ఒకసారి అంది. వస్తాను అన్నాను. గంటన్నర దారి. చాలా ఏళ్ళు పట్టింది, అది కూడా లీగు పని మీద.

చూడటానికి ముగ్గురం వెళ్ళాం. ముదీర్, నేను, అజ్మాన్ కాలేజీ పీడీ. ఈయన లక్నో వైపు మనిషి, మాట తేనె, మనసు లెక్కల పుస్తకం. దుబాయ్ కాలేజీ మీద ఆయనకి ప్రేమ పుట్టింది, కారణం దగ్గర కావడం, వాళ్ళ ఆడపిల్లల జట్టు బలహీనం కావడం. అంతకుముందు అక్కడికి వెళ్ళినప్పుడు జట్టుని చూపించారు. జెర్సీల మడతలు కూడా విప్పలేదు. పిల్లలు వరసగా నిలబడి ఫోటోకి నవ్వినట్టు నవ్వారు. అయినా జట్టు ఉంది, ముదీర్ లెక్కపెట్టుకున్నాడు.

బస్సు మా కాలేజీది. డ్రైవరు జగిత్యాల దగ్గర పల్లెటూరివాడు, షార్జా శివారు సజ్జాలో కాపురం. కొండల్లోకి ఎక్కగానే క్వారీ లారీలు మా ముందు నత్తల్లా పాకుతుంటే, అద్దంలోంచి నన్ను చూసి నవ్వాడు.

"మేడమ్, మీ దోస్తును చూడవోతున్నమంట గద. గంత మొఖం మాడ్చుకున్నరేంది?"

"నా దోస్తని నీకెవరు చెప్పారు?"

"మీరే చెప్పిన్రు. ఫోన్ల ఎవరితోనో తిట్టవట్టిరి గద పొద్దటిసంది. దోస్తును తప్ప గంతసేపు ఎవలు తిడ్తరు."

ఫుజైరా కాలేజీ కోర్టు సిమెంటుది. కప్పు లేదు. దూరంగా సముద్రంలో ట్యాంకర్లు వరసకట్టి నిలబడ్డాయి. గాలి ఎలా ఉందంటే, నా చున్నీ ఒకసారి ముదీర్ మొహం మీద పడింది. నెట్ స్తంభాలు ఓడ పైపులు కోసి వెల్డింగు చేయించారు, భర్త చేయించాడట. మా ఆయన ఇంట్లో బల్బు మార్చడానికి ఎలక్ట్రీషియన్‌ని పిలుస్తాడు. ఆవిడ నవ్వుతూ ఎదురొచ్చింది. వయసు నా దగ్గరికి రావడానికి చూపించిన ఉత్సాహం ఆవిడ దగ్గరికి రావడానికి చూపించలేదు. పిల్లలు పరీక్ష రాస్తున్నారు, మధ్యాహ్నం దాకా హాల్లోంచి రానివ్వరు, చూపించలేకపోతున్నానండి అని ముదీర్‌కి ఇంగ్లీషులో చెప్పుకుంది. ఆయన తల ఊపాడు. ఆ ఊపు నాకు తెలుసు. పరీక్షలు, పెళ్ళిళ్ళు, జ్వరాలు, ఈ కథలన్నీ ఆయన ఇదివరకే విని ఉన్నాడు.

గారెలు పెట్టింది. చిల్లు నడిమధ్యన, గిరి గీసినట్టు గుండ్రంగా ఉంది. నేను చేస్తే చిల్లు పక్కకి జరుగుతుంది. అదీ చూసుకున్నాను. అజ్మాన్ మాస్టారు నాలుగు తిని, ఇది కదా రుచంటే అని నా వైపు చూసి అన్నాడు, ఎందుకో.

నేను చెయ్యి కడుక్కోవడానికని కోర్టు వెనక్కి వెళ్ళాను. అక్కడొక గోడ ఉంది. సర్వీసు ప్రాక్టీసు చేసే గోడ. మామూలుగా అలాంటి గోడ నిండా బంతి మచ్చలుంటాయి, చిన్నపిల్లలు రంగులు చల్లినట్టు. ఈ గోడ మీద మచ్చలన్నీ ఒకే పట్టీలో ఉన్నాయి. నెట్ ఎత్తుకి జానెడు పైన, ఒక వరసలో, సున్నం ఊడిపోయి లోపలి ఇటుక కనపడేంతగా. ఆ గాలిలో బంతిని అంత కింద నుంచి, అంత తిన్నగా పంపుతున్నారంటే ఆ పిల్లలెవరో, ఎన్ని సాయంత్రాలు అక్కడ నిలబడ్డారో నాకు అర్థమైంది. చెయ్యి కడుక్కోవడం మర్చిపోయాను.

ఆవిడ నా వెనకే వచ్చింది. గొంతు తగ్గించి అంది.

"అక్కా, ఒక్క మాట. ఈసారి లీగులోకి రాకపోతే ఆడపిల్లల జట్టు తీసేస్తామన్నారండి మావాళ్ళు. ఆడటానికి ఎదుటివాళ్ళే లేనప్పుడు జట్టెందుకు అంటున్నారు. ఆఖరి సంవత్సరం పిల్లలు ఆరుగురున్నారు. చేరిన కాడినుంచీ వాళ్ళలో వాళ్ళే ఆడుకుంటున్నారక్కా. బయట జట్టుతో ఒక్క ఆటన్నా ఆడకుండా వెళ్ళిపోతారేమోనని బెంగగా ఉందండి."

"చూద్దాం. నా ఒక్కదాని చేతిలో ఏముంది," అన్నాను.

అదే నిజం అనుకున్నాను కూడా.

మేము కోర్టు దగ్గరికి తిరిగొచ్చేసరికి అజ్మాన్ మాస్టారు ఆవిడని హిందీలో అడిగాడు. మా ఆడపిల్లల బస్సు ఈ కొండదారిలో లారీల వెనక ఇరుక్కుని ఆలస్యమైతే ఏం చేస్తారు? టైము చూసుకుని వాకోవర్ తీసుకుంటారా? ముదీర్ పక్కనే నిలబడి ఆ పైపు స్తంభాన్ని తట్టి చూస్తున్నాడు. ఆవిడ చెయ్యి అడ్డంగా ఊపి, నవ్వుతూ హిందీలోనే చెప్పింది. మీ లేడీస్ టీమ్ ఎంత లేటైనా మాఫీ, సార్. రాత్రయినా ఆగుతాం, వచ్చాకే ఆడతాం.

ముదీర్ చప్పున ఇటు తిరిగాడు. "లేడీస్ టీమ్?" అని ఇంగ్లీషులో అడిగాడు.

ఆవిడ ఆ మాటే మళ్ళీ అడుగుతున్నాడనుకుంది. మర్యాదగా చెయ్యి మళ్ళీ అడ్డంగా ఊపింది.

"యస్ సర్. లేడీస్ టీమ్ మాఫీ. ఆల్వేస్."

ఆయన ఆవిడ మొహంలోకి కాసేపు చూశాడు. జాలిగా. "ఖలాస్," అని ఫోన్‌లో ఏదో రాసుకున్నాడు. ఆవిడ థాంక్యూ సర్ అంది. నేను అప్పుడు ఇదేదీ పట్టించుకోలేదు. నా బుర్ర నిండా ఆ గోడే ఉంది.

తిరుగుదారిలో డ్రైవరుకి గారెల పొట్లం కూడా అందిందని తెలిసింది. "మంచిగ చేసింది మేడమ్," అన్నాడు. బస్సు తిన్నగా తోలమన్నాను.

ఓటింగు మా కాలేజీలోనే జరిగింది. బల్ల చుట్టూ ఏడు కాలేజీల పీడీలు, మధ్యలో ముదీర్. ఒక్కో కాలేజీకి ఒక్కో ఓటు. మా కాలేజీ ఓటు నాది. ముదీర్‌కి ఓటు లేదు కానీ ఎవరిని ఓటు దాకా రానివ్వాలో ఆయన చేతిలో ఉండేది. ముందు దుబాయ్ హాలు ఫోటోలు తెర మీద చూపించారు. అందరూ నోళ్ళు తెరిచి చూశారు. తర్వాత ముదీర్ ఫోన్ తీసి, కళ్ళజోడు సర్దుకుని, ఫుజైరా కాలేజీని ఓటుకి పెట్టడం లేదన్నాడు. ఎందుకని ఎవరో అడిగారు.

"వాళ్ళ పీడీ నిజాయితీ గల మనిషి. కాగితం మీద జట్టు ఉందని రాశారు కానీ, నేను మొహం మీద అడిగితే లేదని ఒప్పుకుంది. రెండుసార్లు అడిగాను. లేడీస్ టీమ్ మాఫీ అంది. ఆమె నిజాయితీకి నా గౌరవం. కానీ నియమం నియమం. ఖలాస్."

దుబాయ్‌లో అడుగుపెట్టిన మొదటి వారంలోనే మనకి తెలిసే మాట అది. బకాలాకి, అదే మన కిరాణా కొట్టుకి, వెళ్ళి పెరుగుందా అంటే మాఫీ అంటాడు. లేదు అని. మనవాళ్ళు ఆ మొదటి వారం అంతా మురిసిపోతారు కూడా, ఏదో వదిలేస్తున్నాడు, తగ్గిస్తున్నాడు అనుకుని. మన మాఫీ వేరు, వాళ్ళ మాఫీ వేరు. ఆ రెండూ ఫుజైరా కోర్టులో ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. హిందీ మాట్లాడుతూ ఆవిడ మన మాఫీ అంది. సూడాన్ ముదీర్ చెవిలో వాళ్ళ మాఫీ పడింది.

నాకు అంతా ఒక్కసారిగా అర్థమైంది. అర్థమైన మరుక్షణం ఏమనిపించిందో దాచను. కడుపులో చల్లగా అనిపించింది. నేనేమీ చెయ్యలేదు. ఎవరినీ ఏమీ అనలేదు. ఒక అరబీ మాట వచ్చి, నా పని చేసిపెట్టి, వెళ్ళిపోయింది. కప్పు నా గదిలోనే ఉంటుంది. ఆ గోడ మీద మచ్చలు ఆ గోడ మీదే ఉంటాయి. ఇంతకంటే సుఖం ఏముంటుంది చెప్పండి.

అప్పుడు అజ్మాన్ మాస్టారిని చూశాను. ప్రశ్న అడిగింది ఆయనే. జవాబు విన్నదీ ఆయనే. మాఫీ అంటే ఏమిటో లక్నో మనిషికి నేను చెప్పాలా? ఆయన టీ కప్పులోకి చూస్తున్నాడు. తర్వాత మెల్లిగా తలెత్తి నా వైపు చూశాడు. చూసి, పెదవుల చివర కొద్దిగా నవ్వాడు. మనిద్దరికీ తెలుసు కదా, మనిద్దరం ఒక జట్టు కదా అన్నట్టు.

నేను చాలా జట్లలో ఆడాను. రిజర్వులో కూర్చున్నాను. కానీ ఆ మనిషి జట్టులో మాత్రం చచ్చినా ఆడను. పైగా నా ఎదురుగా ఒక తప్పు మాట నిజమై కూర్చుంటే నోరు మూసుకోవడం నాకు చిన్నప్పటినుంచీ చేతకాదు. మా అత్తగారు పోయిన రోజున పురోహితుడు తిథి తప్పు చెబితే అక్కడే వాదించినదాన్ని. అసూయ గుండెలో ఉంటే ఉండనీ, నోరు దాని మాట వినదు.

"సార్," అన్నాను, "ఆవిడ అన్న మాఫీ మీ మాఫీ కాదు."

ముదీర్ కళ్ళజోడు తీశాడు. "ఉస్తాదా, నాకు అరబీ నేర్పుతున్నారా?" ఉస్తాదా అంటే వాళ్ళ భాషలో టీచరమ్మ.

"మీకు అరబీ కాదు సార్, హిందీ నేర్పుతున్నాను. మీది రెండు మాటలు. మా, ఫీ. అంటే లేదు. మాది ఒకటే మాట. వదిలేశాం, అడగం, పట్టించుకోం అని. మా రాష్ట్రాల్లో రైతులకి అప్పు మాఫీ అని చెప్పి ఎన్నికలు గెలుస్తారు."

"అప్పు లేదు అని చెప్పి గెలుస్తారా?"

"లేదని కాదు సార్. ఉంది, కానీ అడగం అని."

"అయితే లేడీస్ టీమ్ ఉంది, కానీ మనం అడగకూడదా?"

బల్ల చుట్టూ నవ్వులు మొదలయ్యాయి. నాకు మాత్రం వేడెక్కింది. జట్టు ఉంది సార్, మన జట్టు ఆలస్యమైతే వదిలేస్తామంది, ప్రశ్న అడిగింది ఈయనే, ఈయన్నే అడగండి అని అజ్మాన్ మాస్టారి వైపు చెయ్యి చూపించాను. ఆయన తేనె గొంతుతో, గాలి ఎక్కువగా ఉంది మేడమ్, నాకు సరిగ్గా వినపడలేదు అన్నాడు. వినపడలేదా, గారెలు ఇంకో నాలుగు కావాలా అని ఆవిడ అడగడం మాత్రం ఆ గాలిలోనే వినపడింది కదా అన్నాను. అది అనాల్సిన మాట కాదు. అన్నాను.

అసలు ఆ మాటలు రెండూ అరబీ నుంచే వచ్చాయేమోనని ముదీర్ సందేహం తీశాడు. క్షమించడానికి వాళ్ళకీ దగ్గర మాట ఒకటుందట. ఇక దాని మీద కాసేపు నడిచింది. ఆయన బోర్డు మీద అరబీలో రాశాడు, నేను పక్కన హిందీలో రాశాను. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన పీడీ ఒకామె మేము ఆటల గురించి మాట్లాడుతున్నామా, నిఘంటువు రాస్తున్నామా అని అడిగింది. చివరికి ముదీర్ విసుగొచ్చి, ఆమెనే అడుగుదాం అని ఫోన్ తీసి స్పీకర్‌లో పెట్టాడు.

మోగింది. ఎత్తింది. ఆవిడ గొంతు కంటే ముందు బంతి చప్పుడు వినపడింది. సిమెంటు మీద పడే చప్పుడు, వెనకాల పిల్లల కేకలు, మలయాళంలో ఒకరు, తెలుగులో ఒకరు, అరబీలో ఒకరు. "నాదీ, నాదీ" అని ఎవరో అరిచారు. ధబ్‌మని పడింది. అందరూ గొల్లుమన్నారు.

"సారీ సర్," అంది ఆవిడ, గాలిలో అరుస్తూ. "గర్ల్స్ ప్రాక్టీస్ జరుగుతోంది. ఏమీ వినపడట్లేదు. మళ్ళీ చెప్పండి సర్."

ముదీర్ ఫోన్ బల్ల మీద పెట్టి కాసేపు ఆ గోల విన్నాడు. మేమందరం విన్నాం. ఆయన మొహం మెత్తబడటం చూశాను. నేను అంతసేపు గొంతు చించుకుని సాధించలేనిది, ఆవిడ ఒక్క మాట వాదించకుండా, ఏం జరుగుతోందో కూడా తెలియకుండా, సాధించేసింది. మళ్ళీ అదే కథ. నేను నీళ్ళ సీసాల దగ్గర, ఆవిడ నెట్ దగ్గర.

ఓటు చేతులెత్తి వేశాం. దుబాయ్ హాలుకి మూడు చేతులు లేచాయి, అజ్మాన్ మాస్టారిది అందరికంటే ఎత్తుగా. ఫుజైరాకి మూడు లేచాయి. తర్వాత అందరూ నా వైపు చూశారు. అంతసేపు ఆ జట్టు ఉందని వాదించి, ఇప్పుడు వద్దని ఎలా అనను? ఎత్తాను. దుబాయ్ కాలేజీవాళ్ళని వచ్చే ఏడాది చూద్దామన్నాడు ముదీర్. అప్పటికి జెర్సీల మడతలు విప్పుతారేమో అన్నాను. ఈ మాట మాత్రం ఇప్పటికీ వెనక్కి తీసుకోను.

బయటికొచ్చేసరికి డ్రైవరుకి సంగతంతా తెలిసిపోయింది. మా కాలేజీలో గోడలకి కూడా తెలుగొచ్చు.

"మన కప్పును మనమే మర్యాదగ పిలిచి ఇచ్చినట్టున్నది మేడమ్," అన్నాడు.

రాత్రి ఆవిడ ఫోన్ చేసింది. ముదీర్ అంతా చెప్పాడట.

"అక్కా, మీరే మాట్లాడారంట కదండీ."

"నీ కోసం కాదు. మాట కోసం మాట్లాడాను."

"దేనికైతేనేం అక్కా. పిల్లలు సంతోషంతో ఏడుస్తున్నారు ఇక్కడ. ప్రార్థనలో మీ పేరు చెప్పుకున్నారు."

నా పేరుతో ప్రార్థన చేసి నన్ను ఓడిస్తారన్నమాట, అనుకున్నాను. పైకి, సర్లే పడుకో అన్నాను.

మొదటి శనివారమే వాళ్ళు మా కాలేజీకి వచ్చారు. మా హాలు మూసిన హాలు, గాలి చొరబడదు. మావాళ్ళు ఎత్తుగా వచ్చే సర్వీసుకి అలవాటు పడ్డవాళ్ళు. ఫుజైరా పిల్లలు సముద్రపు గాలితో ఏళ్ళ తరబడి కుస్తీ పట్టి, నెట్‌ని రాసుకుంటూ వెళ్ళే సర్వీసు నేర్చుకున్నారు. గాలే లేని చోట ఆ బంతి ఎలా వచ్చిందంటే, మా పిల్లలు చేతులు చాపేలోపు కాళ్ళ దగ్గర ఉంది. వరసగా మూడు సెట్లు. చివరి సెట్‌లో నేను కుర్చీలోంచి లేచి అరవడం కూడా మానేశాను. ఏమని అరవను? నాకు ఆ గోడ ముందే చెప్పింది. గోడని చూసి వచ్చి, మా పిల్లలకి ఏం నేర్పాలో ఒక్క ముక్క నేర్పలేదు నేను. గోడని చూసి కుళ్ళుకోవడంలోనే నా సమయమంతా అయిపోయింది.

ఆవిడ ఎగరలేదు, గంతులెయ్యలేదు. ఆట అయ్యాక మా పిల్లలకి కూడా తన డబ్బాలోంచి ఖర్జూరాలు పంచింది. ఓడించినవాళ్ళు కాస్త పొగరు చూపిస్తే మనకి ఎంత సాయంగా ఉంటుందో, ఆ ఇంగితం ఆవిడకి లేదు. ఆ ఆరుగురు ఆఖరి సంవత్సరం పిల్లలు మా హాలు నేల మీద వెల్లకిలా పడుకుని, పైకప్పు చూస్తూ నవ్వుకుంటూ ఉండిపోయారు. ఎంతసేపటికీ లేవరు. బస్సు హారన్ కొట్టినా లేవరు.

ఇక్కడితో ఆపొచ్చు. అయితే మీలో ఎవరైనా రేపు ఇలాంటి బల్ల దగ్గర కూర్చుంటారు. కొత్త కాలేజీని ఎంచుకోమంటారు. దూరం చూడండి, మైదానం చూడండి, చూడాల్సినవే. వాటితోపాటు నాకు ఆ తర్వాత సోమవారం పొద్దున కనపడింది కూడా చెబుతాను, దానికి ఏం విలువ కడతారో మీ ఇష్టం.

మా జట్టు కెప్టెన్ విజయనగరం వైపు అమ్మాయి, నాన్న ఇక్కడే లెక్కలు చూసే ఉద్యోగి. చెయ్యి మంచిది, ఒళ్ళు వంగదు. మూడేళ్ళుగా పొద్దున్న ప్రాక్టీసుకి ఏనాడూ వేళకి రాలేదు. తిట్టాను, బతిమాలాను, జట్టులోంచి తీసేస్తానన్నాను, వాళ్ళమ్మకి ఫోన్ చేశాను. గెలుస్తూనే ఉన్నాం కదా మేడమ్ అనేది. అదీ నిజమే, గెలుస్తూనే ఉన్నాం.

ఆ సోమవారం నేను హాలు తాళం తీద్దామని వెళితే తలుపు తీసే ఉంది. నెట్ కట్టేసి ఉంది. ఆ పిల్ల ఒక్కతే వంగి, నేలకి జానెడు ఎత్తున చేతులు పెట్టి, గోడకి బంతి కొడుతూ, వెనక్కొస్తే అందుకుంటూ ఉంది. జుట్టంతా చెమట. ఎప్పటినుంచి ఉందో.

నన్ను చూసి ఆగలేదు. వంగినది వంగినట్టే అడిగింది.

"మేడమ్, వాళ్ళతో మళ్ళీ ఎప్పుడు?"

"రెండో విడతలో. ఫుజైరాలో."

"అక్కడ గాలి ఎక్కువంటగా."

"ఎక్కువే."

"అయితే వచ్చే వారం నుంచి బయట ఆడదాం మేడమ్. పార్కింగ్ దగ్గర గాలేస్తుంది."

మూడేళ్ళు నేను చెయ్యలేని పని ఆవిడ ఒక్క సాయంత్రంలో చేసిపెట్టి వెళ్ళింది. నా పిల్లని, నా హాల్లో, నా కళ్ళ ముందు. ఏడాది చివర కప్పు పోతే పోయింది, దాని మీద దుమ్ము తుడవలేక చచ్చేదాన్ని. యూనివర్సిటీ జట్టు పోయింది, అది ఎప్పటి మాటో. కానీ ఇది ఉంది చూశారూ, దీనికి మాత్రం నేను ఆవిడని ఇంతవరకు క్షమించలేదు. క్షమించే ఉద్దేశం కూడా లేదు.

మిగతా పిల్లలు ఒక్కొక్కరే వస్తున్నారు. అలవాటు కొద్దీ విజిల్ నోట్లో పెట్టుకుని గట్టిగా ఊదాను. ఎవరికోసం ఊదానో తెలీదు. ఆ పిల్ల అప్పటికే పరిగెడుతోంది.